పసుపు పెట్టిన వెబ్‌సైటు

మంగళవారం నాడు తీయకూడనివి లోకంలో మూడున్నాయి: గోళ్లు, తలవెంట్రుకలు, పెండ్లి వెబ్‌సైటు. మొదటి రెండింటికీ శాస్త్రప్రమాణం ఉంది. మూడవదానికి సాయవ్వ ప్రమాణం ఉంది. సిరిసిల్లలో, అందునా లక్ష్మీరాజం ఇంట్లో, శాస్త్రాన్ని ధిక్కరించి సుఖంగా ఉన్నవారు కొందరున్నారు గాని, అతని భార్య సాయవ్వను ధిక్కరించి పూట అన్నం తిన్నవారు ఒక్కరూ లేరు.

"పసుపు వెట్టిన పత్రిక ఎవలన్న చింపుతరా?" అని ఆమె చాయ గ్లాసు కింద పెడుతూ అడిగింది.

"అది పత్రిక గాదమ్మా, వెబ్‌సైటు," అన్నది కూతురు అఖిల.

"నాలుగు మూలలకు పసుపు లేదా దానికి?"

ఉంది. చిక్కంతా అక్కడే ఉంది. రెండేళ్ల కిందట ఈ ఇంటి కొడుకు సాగర్‌కూ కోరుట్ల పిల్ల ప్రవళికకూ పెండ్లి కుదిరినప్పుడు, లగ్నమూ విందూ ఫోటోలూ లోకమంతా చూడాలని ఆ వెబ్‌సైటును నిర్మించినవాడు జగిత్యాలలో కంప్యూటర్ దుకాణం నడిపే పెద్దల్లుడు సురేందర్. శుభకార్యంలో లోపం ఉండరాదని నాలుగు మూలలా పసుపు బొట్లు దిద్దినవాడూ అతడే. ఇప్పుడు దానిని సమూలంగా తొలగించాలని, నీళ్ల చెంబుకు ఆనించిన ఫోనులోంచి ఆజ్ఞాపిస్తున్నవాడూ అతడే. సృష్టి, లయ ఒకే చేతిలో ఉండడం పురాణాలకు కొత్త కాదు. ఆ చేయి అల్లునిది కావడం మాత్రం ఇంటికి ఇబ్బంది.

దీనికంతటికీ కారణం అఖిల చీరల దుకాణం. తండ్రి మరమగ్గాల మీద నేసిన చీరలను ఆమె వెబ్‌సైటులో అమ్ముతుంది, అమ్మనిచ్చినన్నాళ్లు అమ్మింది. ఎవరో, ఎక్కడివారో, ఏ పగతోనో, ఆ దుకాణంలో చొరబడడం మొదలుపెట్టారు. మొదట చీరల స్థానంలో జూదం ప్రత్యక్షమైంది. సురేందర్ శత్రువును తరిమి తాళం మార్చాడు. తరవాత ఎవరికీ రాని లిపిలో బరువు తగ్గే మాత్రలు వెలిశాయి. సురేందర్ మళ్లీ తరిమాడు, మళ్లీ తాళం మార్చాడు. అటుపైన శత్రువు అభిరుచి మరికొంత దిగజారింది. దాని సంగతి తరవాత.

నిన్న, వెబ్‌సైటుకు చోటు అద్దెకిచ్చిన హోస్టింగు కంపెనీ తన ఓర్పు నశించినట్టు ప్రకటించింది. దొంగ వస్తున్న దారిని ఈ సాయంత్రం ఆరింటిలోగా మూయకపోతే ఖాతానే మూసివేస్తుందట.

"మామా, షేర్డ్ హోస్టింగ్ అంటే ఏందో మీకు చెప్పిన గదా," అన్నది ఫోను.

"చెప్పినవు," అన్నాడు లక్ష్మీరాజం. వెనక షెడ్డులో మరమగ్గాల, ఊరి మాటలో సాంచాల, మోత మీదుగా వినబడేటట్టు మాట్లాడడం అతనికి ముప్పై ఏళ్ల అలవాటు; నిశ్శబ్దంలో కూడా అలాగే మాట్లాడతాడు. "ఒక్క షెడ్డుల నలుగురి సాంచాలు. ఒకని సాంచ కాడ నిప్పురవ్వ లేస్తే అందరి బట్ట కాలుతది."

"గంతే. మన ఖాతాల దుకాణం ఒక రూము, పెండ్లి ఒక రూము. దుకాణానికి నేను ఎన్ని తాళాలేసినా పెండ్లి రూము కిటికి తెరిచే ఉన్నది. రెండేండ్ల సంది దాని దిక్కు ఎవలు చూసిండ్రు? పెండ్లికి అప్‌డేట్ లేదు మామా."

అందరూ సాగర్ వైపు చూశారు. సాగర్ నేల వైపు చూశాడు.

అఖిల ఫోను దగ్గరకు వంగింది. "గా కిటికిలకెల్లే అచ్చిండని నువ్వు చూసినవా బావా, లేకుంటే అనుకుంటున్నవా?"

లక్ష్మీరాజం గట్టిగా దగ్గాడు. ఆ ఇంట అల్లుడు కూర్చోకముందే కుర్చీ తుడుస్తారు. తినకముందే ముక్కలు ఏరి పెడతారు. అతడు ఒక మాట అన్నాక, అది నిజమా కాదా అన్న విచారణ మర్యాద కాదు. అల్లుని నోటివెంట వెలువడిన నిర్ధారణ గ్రహణం వంటిది. అది పట్టాక వంటింట్లో దర్భ వేసుకోవడమే గాని వాదించేది ఉండదు.

"గింత అనుభవం ఉండి చూడాల్నా?" అన్నది చివరికి ఫోను.

అక్కడితో విచారణ ముగిసింది. మిగిలింది సాగర్ సంగతి.

ప్రవళిక పుట్టింటికి వెళ్లి రెండు వారాలైంది. ఒకనాడు ఆమె స్నేహితురాలికి చీర చూపిద్దామని భర్త ఫోనులో ఆడబిడ్డ దుకాణాన్ని తెరిచింది. చీరలకు బదులు, చీరలతో అంతగా నిమిత్తం లేని స్త్రీలు కొందరు నవ్వుతూ కనిపించారు. మీకు దగ్గరలోనే ఎదురుచూస్తున్నాం అని కింద రాసి ఉంది.

"దగ్గరంటే ఎంత దగ్గర?" అని మాత్రమే అడిగిందట ప్రవళిక.

ఇది దొంగల పని అని సాగర్ ప్రమాణం చేశాడు. నిరూపించడానికి ఆమె కళ్లెదుటే ఆ వెబ్‌సైటును మళ్లీ తెరిచాడు. పట్టంచు చీరలు వచ్చాయి. మూసి తెరిచాడు. పువ్వుల చీరలు వచ్చాయి. ఎన్నిసార్లు తెరిచినా గుడిలో దీపాల్లా చీరలే వెలిగాయి. ఈ శత్రువు ఒక్కో ఫోనుకు ఒక్కసారే దర్శనమిస్తాడని, ఆ తరవాత సాధువైపోతాడని, పట్టుబడకుండా వాళ్లు చేసే మాయ అదేనని సురేందర్ వివరించే సమయానికి ఆమె కోరుట్లలో దిగింది. నిజం ఎప్పుడూ బస్సు వెళ్లిపోయాకే స్టాండుకు చేరుతుంది.

"గిప్పుడు పెండ్లి సైటు గూడ తీసేసినమని తెలిస్తే ఆమె ఏమనుకుంటది?" అన్నాడు సాగర్. రెండు వారాల్లో అతడు ఇంట్లో మాట్లాడిన పొడవైన వాక్యం ఇదే. "ఇగ రాదు."

చివరికి లక్ష్మీరాజం తీర్పు చెప్పాడు. పెండ్లి ఇద్దరిది, కాబట్టి పిల్లను అడక్కుండా దాని మీద చేయి వేసేది లేదు. మగ్గాలను వదిలి తాను రాలేడు గనక సాయవ్వ, అఖిల, సాగర్ వెళ్లి అడగాలి. సురేందర్ తన పెట్టెతో సహా జగిత్యాల నుంచి నేరుగా అక్కడికి రావాలి. ఆమె ఊఁ అంటే ముందుకు, లేకుంటే దుకాణానికి దండం. ఆ మాటకు అఖిల నోరు తెరిచి, తండ్రి ముఖం చూసి, మూసుకుంది.

వియ్యాలవారింటికి ఒట్టి చేతులతో పోకూడదని సాయవ్వ అరటిపండ్లతో పాటు సొంత మగ్గం మీది కొత్త చీర ఒకటి సంచీలో పెట్టింది. చరిత్రలో అనేక యుద్ధాలు ఇటువంటి మర్యాదల వల్లనే వచ్చాయి.

*

కోడలు అలిగి పుట్టింట్లో ఉన్నప్పుడు అత్త చీర తీసుకుని వచ్చిందంటే దానికి ఒకటే అర్థం. వేములవాడలో బస్సు మారి, రుద్రంగి మీదుగా కోరుట్ల చేరిన ఆ ముగ్గురి చేతిలోని సంచీని ప్రవళిక తల్లి సరోజన గడపలోనే చూసింది. చూసి, నేరుగా లోపలికి పోయి కోడికూర పొయ్యి మీద పెట్టింది.

తండ్రి ముత్తయ్య చాలాకాలం మస్కట్‌లో పనిచేసి వచ్చినవాడు. అక్కడి నుంచి తెచ్చుకున్న వాటిలో గోడంత టీవీ ఒకటి, ఎవరి మాటా తొందరపడి నమ్మని స్వభావం ఒకటి. అతడు సోఫాలో నిటారుగా కూర్చుని వానల గురించి అడిగాడు. సాయవ్వ వానల గురించి చెప్పింది. మోకాలి నొప్పి గురించి అడిగాడు. అదీ చెప్పింది. బస్సులో సీటు దొరికిందా అని అడిగాడు. దొరికింది.

ఆ తరవాత గదిలో ఒక మౌనం వచ్చి కూర్చుంది. వియ్యాలవారి మౌనానికి ఒక వ్యాకరణం ఉంది. ఇప్పుడు సాయవ్వ, మా కోడలిని తోలియ్యుండ్రి అనాలి. ముత్తయ్య గౌరవం కోసం ఒకసారి కాదనాలి. సాయవ్వ మళ్లీ అనాలి. అతడు నిట్టూర్చి అవుననాలి. తన వంతు నిరాకరణను ముత్తయ్య గొంతులో సిద్ధంగా పెట్టుకుని ఎదురుచూశాడు. సాయవ్వకు ఆ సంగతి తెలుసు. తాను వచ్చిన పని అది కాదనీ తెలుసు. ఆమె చీరను సంచీలోంచి సగం తీసి, మళ్లీ లోపల పెట్టింది.

ఈ స్థితిలో వాకిట్లో బైకు ఆగింది. సురేందర్ హెల్మెటు తీయకుండానే లాప్‌టాప్ సంచీతో లోపలికి వచ్చాడు. నిపుణుల్లో ఒక బలహీనత ఉంటుంది. చేదు నిజాన్ని వేగంగా చెప్తే తక్కువ చేదుగా ఉంటుందని వారు నమ్ముతారు.

"టైము లేదు," అన్నాడు అతడు. "పెండ్లి డిలీట్ జెయ్యాలె. ప్రవళిక ఊఁ అంటే రెండు నిమిషాల పని."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

ముత్తయ్య సాయవ్వ ఒడిలోని సంచీ వైపు చూశాడు. "గీ పనికి చీర తెచ్చినవా చెల్లె?"

అందరూ ఒకేసారి మాట్లాడసాగారు. తీసేది పెండ్లిని కాదనీ, పెండ్లి సైటుననీ అఖిల చెప్పింది. షెడ్డు, సాంచాలు, నిప్పురవ్వ అని సాయవ్వ మొదలుపెట్టి, నిప్పురవ్వ దగ్గర దారి తప్పింది. కిటికీల గురించి సురేందర్ ప్రసంగించాడు. మా బిడ్డ నిప్పురవ్వనా అని ముత్తయ్య అడిగాడు. సాగర్ తప్ప అందరి నోళ్లూ పనిచేస్తుండగా, లోగది తలుపు దగ్గర ప్రవళిక కనిపించింది. ఎప్పటి నుంచి నిలబడి ఉన్నదో ఎవరూ చూడలేదు.

ఆమె ఎవరినీ పలకరించలేదు. భర్తనే చూసింది.

"నువ్వేమంటవ్?"

"తీయద్దంటున్న," అన్నాడు సాగర్.

"మరి దుకాణం?"

"మూస్తే మూయనియ్."

"దుకాణం నాది, త్యాగం నీదా అన్నా?" అన్నది అఖిల. ఎవరూ పట్టించుకోలేదు.

ప్రవళిక తలుపుకు ఆనుకుంది. కోపంగా ఉంటే బాగుండును. ఆమె గొంతులో అలసట ఉంది. "సైటు ఉంటే ఏంది, పోతే ఏంది. గా ఆడోళ్లు దొంగలు తోలితె అచ్చిండ్రని నేనెట్ల నమ్మాలె? అన్నిసార్లు తెరిచి చూపిచ్చినవ్. అన్నిసార్లు చీరలే అచ్చినయ్. నాకు గా ఒక్కసారి ఎందుకచ్చిండ్రు మరి?"

సాగర్ దగ్గర సమాధానం ఉంది. అది రెండు వారాలుగా ఉంది. నిజమే అయినా అబద్ధంలా వినిపించే దురదృష్టం దానిది. అతడు మళ్లీ నేలను ఆశ్రయించాడు.

ముత్తయ్య ఈ వాదోపవాదాల నడుమ ఒక పని చేశాడు. ఎవరి మాటా తొందరపడి నమ్మని మనిషి కాబట్టి, ఇంత రభసకు మూలమైన ఆ దుకాణమేదో స్వయంగా విచారించదలచాడు. కండ్లద్దాలు పెట్టుకుని, సాయవ్వ సంచీ మీద అచ్చయిన దుకాణం వెబ్ చిరునామాను చూస్తూ, చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే తన ఫోనులో కొట్టాడు. ఆ ఫోను ఆ దుకాణాన్ని మునుపెన్నడూ చూసి ఎరగదు.

అతని ముఖం మీది రాజసం నెమ్మదిగా దిగిపోయింది. మొదట కనుబొమలు లేచాయి. తరవాత ఫోను తువ్వాల కిందికి పోయింది. కాని సోఫా వెనక సరోజన చాయ పళ్లెంతో నిలబడి ఉంది.

"ఎవలామె?" అన్నది సరోజన.

"నాకేం తెల్సు?"

"కోరుట్లల్నే ఉన్నదట. నీకోసమే సూస్తున్నదట."

"నేనేం జెయ్యలే. చీరలు సూద్దామని తెరిచిన."

"చీర కట్టుకున్నట్టే ఉన్నది మరి."

ముత్తయ్య ఆపదలో పడిన పురుషులందరూ చేసే పనే చేశాడు. మూసి, మళ్లీ తెరిచి, భార్యకు చూపించాడు. పట్టంచు చీరలు వచ్చాయి. మళ్లీ తెరిచాడు. పువ్వుల చీరలు. ఇప్పుడే ఉండె గదా, ఇండ్లనే ఉండె గదా అని గొణిగాడు. సరోజన పళ్లెం బల్ల మీద పెట్టింది. పెట్టిన చప్పుడు గోడంత టీవీ వెనక దాకా వినిపించింది. మస్కట్‌లో గడిచిన సంవత్సరాలన్నిటినీ ఆమె ఆ ఒక్క క్షణంలో తిరగతోడుతున్నట్టు కనిపించింది.

ముత్తయ్య గదిలో ఉన్న వారందరినీ దాటుకుని సాగర్ వైపు తిరిగాడు. వారి మధ్య అంతకుముందు ఎన్నడూ లేని ఆప్యాయత ఆ పిలుపులో ఉంది.

"నువ్వన్న చెప్పు అల్లుడా."

సాగర్ చెప్పాడు. ఫోనుకు ఒక్కసారే వస్తుందనీ, ఆ తరవాత ఎంత వెతికినా దొరకదనీ, ఆ ఒక్కసారీ చూసినవాడు జీవితాంతం దోషిగా మిగులుతాడనీ చెప్పాడు. రెండు వారాలుగా ఎవరూ పూర్తిగా వినని ఆ మాటలను ముత్తయ్య అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. మధ్యలో రెండుసార్లు, నిజం కొడుకా, అన్నాడు.

తలుపు దగ్గర చిన్న చప్పుడైంది. ప్రవళిక చున్నీ చెంగును నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. ఆపుకోలేకపోయింది. తండ్రి ముఖం చూసి ఒకసారి, భర్త ముఖం చూసి ఒకసారి, ఇద్దరి ముఖాల్లోని పోలిక చూసి మరొకసారి నవ్వింది.

"తీసెయ్యి అన్నా," అన్నది సురేందర్‌తో. "పెండ్లి నాకైంది, సైటుకు గాదు. అఖిల దుకాణం ఎందుకు మూసుకోవాలె?"

సమస్య తీరిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సాయవ్వ పీల్చుకోలేదు. "ఇయ్యాల మంగళవారం," అన్నది.

సాయంత్రానికి ఖాతా పోతుంది. బుధవారం దాకా ఆగేది లేదు. అఖిల బతిమాలింది, సాగర్ బతిమాలాడు. సాయవ్వ కొండగట్టు అంజన్న మీద ఒట్టు పెట్టుకునే దాకా వచ్చింది. అప్పుడు సురేందర్ లాప్‌టాప్ మీద నుంచి తల ఎత్తాడు. ఆ దినం అతడు పలికిన పలుకుల్లో విచారణకు నిలిచేది బహుశా ఇదొక్కటే.

"అత్తా, సర్వరు ఉన్నది అమెరికాల. ఆడ ఇంకా సోమవారమే."

సాయవ్వ ఆలోచించింది. తీసేది ఎక్కడుంటే అక్కడి వారమే లెక్క. ఇది శాస్త్రసమ్మతమే. "సోమవారం ఇంకెంతసేపు ఉంటది?"

"పావుగంట."

ఇల్లంతా ఉరుకులు పరుగులైంది. ఊరికే తీయకూడదు, ఉద్వాసన చెప్పాలి అన్నది సాయవ్వ. సరోజన పసుపు గిన్నె తెచ్చింది. లాప్‌టాప్‌కు నాలుగు మూలలా పసుపు పెడుతుంటే సురేందర్ కండ్లు మూసుకున్నాడు. అఖిల సంచీలో ఫోను రెండుసార్లు మోగింది. ఇప్పుడు ఫోనులేంది అని తల్లి కసిరింది. ముత్తయ్య తన ఫోనును టీవీ వెనక దాచి వచ్చి, అందరికంటే ముందు వరసలో భక్తిగా నిలబడ్డాడు.

ప్రవళిక వేలు మీట మీద పెట్టి ఆగింది. సాగర్‌ను చూసింది. అతడు వచ్చి తన వేలు ఆమె వేలి మీద పెట్టాడు.

పసుపు బొట్లు, ఫోటోలు, లగ్నపత్రిక, విందు వివరాలు, అన్నీ ఒక్కసారిగా పోయాయి. తెల్లని తెర మిగిలింది. సరోజన కండ్లు తుడుచుకుంది. సాయవ్వ చీరను ఈసారి పూర్తిగా సంచీలోంచి తీసి, "ఇగ మా కోడలిని తోలియ్యుండ్రి," అన్నది.

ముత్తయ్య దీనికోసం పొద్దుటి నుంచి వేచి ఉన్నాడు. "మంగళవారం ఆడబిడ్డను గడప దాటియ్యం చెల్లె."

"గిప్పుడే సోమవారమంటిమి గదా మామా," అన్నాడు సాగర్.

"సర్వరు అమెరికాల ఉంటే ఉండని. మా గడప కోరుట్లల ఉన్నది."

ప్రవళిక చీర అంచును వేళ్ల మధ్య నలుపుతూ, వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. "కూర సల్లారుతది, తినుండ్రి," అని లోపలికి పోయింది. అది ఏ వైపు మాటో తేల్చుకోలేక సాగర్ తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

అఖిల అప్పుడు సంచీలోంచి ఫోను తీసి చూసింది. చూసి, కంపెనీ నుంచి ఉత్తరమని దానిని సురేందర్ చేతికి ఇచ్చింది. సురేందర్ చదివాడు. అతని చెవులు ముందు ఎర్రబడ్డాయి.

"ఏమన్నడు బిడ్డా కంపెనోడు? అల్లుడు చెప్పినట్టే ఉన్నదా?" అని సాయవ్వ అడిగింది.

హోస్టింగు కంపెనీ ఎంతో మర్యాదగా రాసింది. దొంగ చొరబడుతున్న దారి దొరికిందట. అది అదే సర్వరులో కాపురమున్న మరొక ఖాతాదారుదట. ముక్కూ మొహం తెలియని ఒక కోళ్ల దాణా దుకాణమట. దానిని ఆపేసి, చీరల దుకాణాన్ని శుభ్రం చేశారట. పెండ్లి పేజీని కూడా ఆసాంతం పరీక్షించారట. అందులో ఏ లోపమూ కనిపించలేదట. ఖాతాదారులు తమ తరఫున చేయవలసిన పని ఏదీ లేదట.

ఆ ఉత్తరం వచ్చి అప్పటికి పావుగంట. అప్పుడింకా లాప్‌టాప్‌కు పసుపు పెడుతున్నారు.